సన్నాసయ్య కడుపులో దినం

గుమ్మడివలసలో సన్నాసయ్యది మహా తెలివైన కొంప. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. "దేవుడు బుర్రలు పంచినరోజు మనింటికి రెండుసార్లు వచ్చాడే!" అని సన్నాసయ్య, పెళ్ళాం నూకాలు, బావమరిది పోలినాయుడు రోజూ మురిసిపోయేవాళ్ళు.

సన్నాసయ్య పెళ్ళివంటల మేస్త్రి. ఎండాకాలమంతా పెళ్ళిళ్ళే, పెళ్ళిపెళ్ళికీ సారాయే. చివరికి చారుచుక్క నాలిక మీద వేసుకున్నా కడుపు భగ్గుమనేది. రుచి చూడలేని మేస్త్రికి గరిటె ఎవడిస్తాడు? అవతల ప్రెసిడెంటుగారింటి పెళ్ళి ముంచుకొస్తోంది.

వైద్యులు ఆచారిగారు పొట్ట నొక్కి చూశారు. "ఒరే, కడుపులో మనకి మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. కంటికి కనపడవు. నీ సారాకి అవి కాస్తా చచ్చాయి. తాగుడు మానెయ్. పెరుగన్నం తిను, కొత్తవి వచ్చి చేరతాయి."

అంతే! సన్నాసయ్య పెరుగన్నం తినేసి, వాకిట్లో ఎండకేసి నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

"ఏంటయ్యా అది?" అంది నూకాలు.

"లోపలంతా చీకటే! కొత్తవాళ్ళకి దారి కనపడొద్దూ?"

ఇంకేముంది, ఈగ దూరింది. "ఒకాయన దిగాడహో!" అని పోలినాయుడు చప్పట్లు కొట్టాడు. పాపం ఆయనకి తోడుండాలని నూకాలు మొగుడి నాలిక మీద బెల్లంముక్క పెట్టి మిగతా ఈగల్నీ పిలిచింది.

ఈగల గోల ఎలా ఉన్నా, పెరుగు తన పని తాను చేసుకుపోయింది. మంట తగ్గింది. ఓ పూట సన్నాసయ్య చారు చప్పరించి, "ఉప్పు తక్కువైందే!" అని ఆనందంతో ఏడ్చేశాడు.

సరిగ్గా అప్పుడే పోలినాయుడికి తెలివి పుట్టింది. "బావా, చచ్చిపోయినవాళ్ళకి దినం చేశామా? మైలకొంపలో కొత్తవాళ్ళు ఎలా భోంచేస్తున్నారో ఏమో!"

నూకాలు బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, పోయినవాళ్ళకి ఇష్టమైంది పెట్టాలి కదా! వాళ్ళకేం ఇష్టమో?"

"ఆఖరి ఊపిరిదాకా సారాలోనే ఉన్నారు," అన్నాడు సన్నాసయ్య గుటకలేస్తూ. "ఇంకేం ఇష్టముంటుందే?"

"మరి ఎక్కడ పెడదాం?"

"పోయినచోటే పెట్టాలి. నాకా, తాగాలని లేదు. ఏం చేస్తాం, కడుపులో చావు!"

అంతే! నూకాలు గోవిందలు కొట్టింది, బావమరిది పోశాడు, సన్నాసయ్య కళ్ళు మూసుకుని సీసాడూ భక్తిగా దించేశాడు.

పెళ్ళినాడు గాడిపొయ్యి దగ్గర చారుచుక్క వేసుకున్నాడో లేదో, పొయ్యికన్నా ఎక్కువగా కడుపు మండింది. కేకపెట్టి గరిటె వదిలేశాడు. ప్రెసిడెంటుగారు దాన్ని తీసి ఇంకో మేస్త్రి చేతిలో పెట్టారు. పోలినాయుడు బావని భుజాన వేసుకుని ఆచారిగారింటికి పరిగెత్తాడు.

"మళ్ళీ ఏం వెలగబెట్టావురా?" అన్నారు ఆచారిగారు.

సన్నాసయ్య బావురుమన్నాడు. "దినానికి దగ్గరుండి భోంచేసిన కొత్తవాళ్ళు కూడా పోయారండీ!"

వెనకాలే రొప్పుతూ వచ్చిన నూకాలు కొంగుచాటు నుంచి సీసా తీసి ఆచారిగారి ముందు పెట్టింది. "పెద్దవారు, వీళ్ళ దినమైనా మీ చేతులమీదుగా కానివ్వండి బాబూ!"