ఓబులి చేసిన వెదురు దోనె

అనగనగా ఒక అడవిలో, ఇసకలో బంగారం దాచుకుని పారే వంక పక్కన, ఓబులి అనే ముంగిస ఉండేది. ఒకచోట కుదురుగా నిలబడటం దానికి చేతకాదు. తింటూ నడుస్తుంది, నడుస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూనే ఇంకో పనిలో వేలు పెడుతుంది. ఎవరి దగ్గరా కూర్చుని ఏదీ నేర్చుకోలేదు. ఏ పనైనా చూస్తుంది, చేస్తుంది, చెడగొడుతుంది, మళ్ళీ చేస్తుంది. అలాగే వచ్చాయి దానికి వచ్చిన పనులన్నీ.

ఆ అడవికి వేసవి అంటే భయం. వంక పూర్తిగా ఎండిపోతుంది. అప్పుడు కొండయ్య తాత అనే ముసలి ఏనుగు ఆ ఎండిన ఇసకలో మెల్లగా నడిచేవాడు. తొండంతో వాసన పట్టి, అడుగున నీళ్ళున్న చోటు చూసుకుని, దంతంతో చెలమ తవ్వేవాడు. జింకలైనా, పందులైనా, పిట్టలైనా వేసవంతా బతికేది ఆ చెలమ నీళ్ళతోనే.

తాతకి ఉన్నదే ఒక్క దంతం. రెండోది వయసులో ఉన్నప్పుడే విరిగిపోయింది. పోయిన వేసవిలో చెలమ తవ్వుతుంటే బండ తగిలి, ఆ ఒక్క దంతం కూడా నిలువునా చీలింది. సన్నటి గీతే. కానీ ఇంకోసారి తవ్వితే మొదలంటా విడిపోతుంది. అప్పుడు అడవికి చెలమ ఉండదు.

కంసాలిపిట్ట రుద్రాచారి వచ్చి దంతం మీద వాలాడు. ముక్కుతో టకటకా కొట్టి చూశాడు. తీగతో కడితే జారిపోతుందట. నారతో కడితే తడికి కుళ్ళిపోతుందట. బంగారమైతే మెత్తగా సాగి, చీలికని గట్టిగా పట్టుకుంటుందట.

"రేగిపండంత బంగారం తెచ్చివ్వండి. రోకలికి వేసినట్టు దంతం చుట్టూ కట్టులా పొన్ను వేస్తాను," అన్నాడు.

వంకలో బంగారం ఉన్న సంగతి అందరికీ తెలుసు. వెలగచిప్పలో గుప్పెడు ఇసక వేసి నీళ్ళలో గుండ్రంగా తిప్పితే, ఇసక పోయి, అడుగున ఒకటో రెండో పసుపు రవ్వలు మిగిలేవి. కానీ చిప్పతో కడుగుతూ కూర్చుంటే రేగిపండంత ఎప్పటికయ్యేను? వంకలో నీళ్ళుండగానే పని తెమలాలి.

అప్పుడు ఓబులి ఒక ఉపాయం చెప్పింది. వంక ఒడ్డున పొడుగాటి కాలువలాంటి దోనె ఒకటి పెడదాం. నీళ్ళని దాంట్లోకి మళ్ళిద్దాం. పై కొసన ఇసక పోస్తూ ఉంటే నీళ్ళే కడుగుతాయి. ఇసక తేలిక, కొట్టుకుపోతుంది. బంగారం బరువు, దోనెలోనే ఉండిపోతుంది. అందరికీ నచ్చింది.

దోనె దేనితో చెయ్యాలి? అడవిపందులు పడిపోయిన తాటిమొద్దు ఒకటి చూపించాయి. దాన్ని దొలిచేసరికి వేసవి వచ్చేస్తుందంది ఓబులి. జింకలు మద్దిచెట్టు బెరడు తెచ్చాయి. అది ఎండకి ముడుచుకుపోయింది. చివరికి ఓబులి వెదురు పొదలో అన్నిటికన్నా లావైన బొంగు ఎంచుకుంది. చౌడప్ప అనే ముళ్లపంది దాన్ని పళ్ళతో కొరికి పడగొట్టి, నిలువునా చీల్చిపెట్టాడు.

చీల్చిన బొంగు లోపల కణుపు కణుపుకీ ఒక అడ్డు ఉంది. ఆ అడ్డులు ఓబులికి నచ్చలేదు. పరిగెత్తేదాన్ని దేన్నైనా ఆపితే దానికి చిరాకు. చౌడప్ప చేత అన్నిటినీ మొదలంటా కొరికించింది. తను గోళ్ళతో గీకి, ఇసకతో రుద్ది, దోనెని గుమ్మడి గింజలా నున్నగా చేసింది. ఒక కొస రాళ్ళ మీద పెట్టి ఏటవాలుగా వంచింది. నీళ్ళు జర్రున జారాయి. చూడవచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

పందులు ముట్టెలతో ఇసక తవ్వి పోశాయి. సాయంత్రం నీళ్ళు ఆపి దోనెలో చూస్తే ఏమీ లేదు. నీటికి ఊపు చాలలేదనుకుంది ఓబులి. మర్నాడు పై కొస కింద ఇంకో రాయి పెట్టింది. సాయంత్రం ఏమీ లేదు. ఆ మర్నాడు ఇంకా ఎత్తు చేసింది, ఇంకా నున్నగా రుద్దింది. పోసిన ఇసక పోసినట్టే మాయమైంది. ఇంత చురుకైన దోనె ఇంకెవరు చెయ్యగలరని ఓబులికి లోలోపల గర్వంగా కూడా ఉంది. సాయంత్రం చూస్తే, ఏమీ లేదు.

వంక సన్నబడుతోంది. పందులకి విసుగొచ్చింది. చౌడప్ప అయితే పని మానేసి దోనెకి అడ్డంగా కూర్చున్నాడు.

"ఈ వంకలో ఉన్నదంతా ఆ నాలుగు రవ్వలే. అవి చిప్పలోకి వచ్చేశాయి, అయిపోయింది," అన్నాడు. "కొండ అవతల ఇంకో వంక ఉందంట. పోదాం పదండి. ఓబులి తప్పేం లేదు. దోనె చూడండి, ఎంత ముచ్చటగా ఉందో. వంకలో బంగారమే లేకపోతే పాపం అదేం చేస్తుంది?"

ఎండనపడి వచ్చినవాడికి మజ్జిగ ఇచ్చినట్టుంది ఓబులికి ఆ మాట. తప్పు వంకది. ఊఁ అంటే చాలు, అందరూ మూటాముల్లె సర్దుకుంటారు, తన దోనె మంచి దోనెగానే మిగిలిపోతుంది. ఆ ఊఁ నాలుక మీదికి వచ్చేసింది.

కొంచెం దూరంలో కొండయ్య తాత మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. బంగారం దొరికిందా అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. కొండ ఎక్కి దిగే ఓపిక ఆయనకి లేదు. అవతల వంకలో పని మొదలయ్యేసరికి ఈ వేసవి వచ్చేస్తుంది, ఆయన ఆ చీలిన దంతంతోనే తవ్వుతాడు. వద్దన్నా ఆగడు. పిల్లలు దాహమంటుంటే ఆయన ఊరుకోడు.

ఓబులి నోరు మూసుకుని దోనె వైపు చూసింది. పై కొసన తను ఎన్నిసార్లు నిలబడిందో. లోపల ఎన్నిసార్లు తడిమిందో. కింది కొస దగ్గరికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. దోనె విడిచిపెట్టిన ఇసక అక్కడ పెద్ద కుప్పైంది. ఆ కుప్పని చూడటానికి ఎందుకో కాళ్ళు రాలేదు. ఎందుకో కూడా దానికి తెలుసు. అక్కడ ఏమైనా కనబడితే తప్పు దోనెది అవుతుంది. దోనెది అయితే తనదే అవుతుంది.

వెలగచిప్ప తీసుకుని కిందికి దిగింది. కుప్పలోంచి గుప్పెడు ఇసక వేసుకుని నీళ్ళలో తిప్పింది. ఇసక పోయింది. చిప్ప అడుగున పసుపు రవ్వలు గుంపుగా కూర్చుని ఉన్నాయి.

ఆ కుప్పని తోకతో నీళ్ళలోకి ఊడ్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది ఓబులికి. వచ్చి, కాసేపు కూర్చుని, పోయింది. చిప్ప తీసుకెళ్ళి అందరి మధ్యా పెట్టింది.

"బంగారం వంకలో ఉంది. మన దోనెలోకీ వచ్చింది. నేనే దాన్ని నిలబడనివ్వలేదు," అంది.

పందులు చిప్పలోకి చూశాయి, తర్వాత కుప్ప వైపు చూశాయి. చౌడప్ప ముళ్ళు ఒక్కొక్కటీ లేచాయి.

"అంటే నా పళ్ళు ఊరికే అరిగాయంటావు."

"ఊరికే కాదు చిన్నాయనా. ఇంకోసారి అరగాలి."

ముందు నవ్వింది కొండయ్య తాత. ఆయన నవ్వితే వంకలో నీళ్ళు ఊగాయి. ఆ తర్వాత కోపంగా ఉండటం ఎవరివల్లా కాలేదు, చౌడప్ప వల్ల కూడా. గొణుక్కుంటూనే ఇంకో బొంగు కొరకడానికి వెళ్ళాడు.

ఈసారి అడ్డులు మొత్తం తీయలేదు. గడపల్లా కొంచెం కొంచెం వదిలిపెట్టారు. నీళ్ళు దాటిపోవాలి, బరువైంది మాత్రం గడప వెనక ఆగిపోవాలి. అడుగున తుంగగడ్డి పేని పరిచారు, సన్న రవ్వలు పోచల్లో చిక్కుకోవడానికి. పై కొసకి పెట్టిన రాళ్ళు తీసేశారు. అన్నీ తీసేసరికి దోనె మరీ చదునైంది. ఇసక కదలక గడపలన్నీ పూడిపోయి, నీళ్ళు పక్కలనుంచి పొర్లాయి. ఒక రాయి మళ్ళీ పెట్టారు. అప్పుడు నీళ్ళు గడప గడపకీ చిన్నగా దూకుతూ నడిచాయి.

ఇసక పోసిన ప్రతిసారీ ఓబులి చిప్ప పట్టుకుని కింది కొసకి పరిగెత్తేది. విడిచిపెట్టిన ఇసకని తిప్పి చూసేది. రవ్వ కనబడితే నీళ్ళు తగ్గించేది. కనబడకపోతే ఇంకో పోత పొయ్యమనేది. ఓబులమ్మకి దోనె తోక దగ్గర కాపలా ఉద్యోగం దొరికిందని పందులు ఎగతాళి చేశాయి. జీతం ఎంతని చౌడప్ప అడిగాడు. తనూ నవ్వేది గానీ, చూడటం మానలేదు.

పాత కుప్పంతా మళ్ళీ కడిగారు. పని అయ్యేసరికి వంక తాడంత సన్నబడింది. గడపల వెనక పేరుకున్న పసుపునీ, గడ్డి దులిపితే రాలిన పసుపునీ కలిపి ముద్ద చేస్తే, రేగిపండుకి కాస్త తక్కువే అయింది. రుద్రాచారి తల అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కుప్పలోంచి నీళ్ళకి కొట్టుకుపోయింది ఎంతో ఎవరు చెప్పగలరు? పొన్ను కొంచెం సన్నంగా వేస్తానన్నాడు. వేశాడు. రోజంతా అడవిలో ఆయన టకటకలే వినబడ్డాయి.

వేసవి రానే వచ్చింది. వంక ఎండింది. కొండయ్య తాత ఇసకలో నడిచి, ఒకచోట ఆగి, దంతం దించాడు. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఇసక లేచింది, గులకరాళ్ళు లేచాయి, ఠక్కుమని బండ తగిలింది. తాత ఆగాడు. రుద్రాచారి ఎగిరివచ్చి దంతం మీద వాలి, చీలిక పొడవునా చూశాడు. పొన్ను అలాగే ఉంది. గీత వెంట్రుకంత కూడా పెరగలేదు.

"తవ్వు," అన్నాడు.

ఇంకాసేపటికి చెలమ అడుగున ఇసక నల్లబడింది. తర్వాత మెరిసింది. తర్వాత నీళ్ళు ఊరాయి. తాత వెనక్కి జరిగి చోటిచ్చాడు, పిల్లలు ముందు తాగాలని.

నీతి: చేతికి ఏం వచ్చిందో అందరూ చూసుకుంటారు, ఏం జారిపోతోందో వెళ్ళి చూసుకునే ధైర్యం ఉన్నవాళ్ళే తమ పనిని బాగుచేసుకోగలరు.