వీరవేణి పాపని మర్చిపోయిన రోజు

అనగనగనగా, గోదారి నడిమధ్య ఒక లంక ఉండేది బుజ్జులూ. చుట్టూ నీళ్ళు, లోపలంతా మల్లెతోటలు. ఆ లంకలో వీరవేణి అని ఒకావిడ. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చేతులు ఎంత చురుకంటే, ఎండ ముదరకుండానే రెండు గంపల మొగ్గలు కోసేసేది. కోసి, పడవెక్కి, అవతలి ఒడ్డున పూలకొట్టులో ఇచ్చి వచ్చేది. పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ అదే పని.

వాళ్ళాయన సూరిబాబు. మంచివాడే, మాటలు మాత్రం తక్కువ. అత్తగారు మాణిక్యమ్మకి మాటలు ఎక్కువ. వీరవేణికి అమ్మ లేదు, చిన్నప్పుడే పోయింది. అందుకని మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళలేదు. పురుడు సంగతంతా అత్తారే చూసుకున్నారు.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో ఆడవాళ్ళు ఆవిడకి మూడు మాటలు చెప్పారు. బిడ్డ మొహం చూడగానే నొప్పులన్నీ మర్చిపోతావన్నారు. బిడ్డ నోరు పెట్టగానే పాలు వాటంతట అవే వస్తాయన్నారు. ఇంక ఈ లోకంలో వేరే ఏదీ అక్కర్లేదనిపిస్తుందన్నారు. వీరవేణి మూడూ నమ్మింది. అమ్మ ఉంటే అడిగేది. లేదు కదా.

అప్పుడు ఒక మధ్యాహ్నం పూట, ఒడ్డవతల ఆసుపత్రిలో పాప పుట్టింది.

నర్సు పాపని గుడ్డలో చుట్టి తెచ్చి, ఇదిగోనమ్మా నీ కూతురు అని చూపించింది. వీరవేణి చూసింది. ఎర్రటి మొహం, ముడతలు పడ్డ నుదురు, బిగించిన పిడికిళ్ళు. లోపల ఏదో పొంగుతుందని ఎదురు చూసింది. ఏమీ పొంగలేదు. పక్కింటివాళ్ళ పిల్లని కాసేపు పట్టుకోమని ఎవరో చేతికిచ్చినట్టుంది, అంతే.

వీరవేణి కొయ్యబారిపోయింది. పాపని చూసి కాదు, తనని చూసుకుని. అందరూ తన మొహంలోకే చూస్తున్నారు. అప్పుడు నవ్వినట్టు మొహం పెట్టింది.

అలా చూస్తావేంటే? అవును, అమ్మే. కన్నతల్లికే అలా అనిపించింది. ముందు విను.

ఆ తర్వాత ఇంటికొచ్చారు. మూడు రోజులు పాలు పడలేదు. నాలుగో రోజు పడ్డాయి. పడ్డాయంటే, రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, ఒళ్ళు కాలిపోయేలా జ్వరం వచ్చింది. పాప నోరు పెడితే ప్రాణం పోయినంత నొప్పి. ఆ నొప్పి సంగతి ఎవరూ చెప్పలేదే అని వీరవేణి నిర్ఘాంతపోయింది. మాణిక్యమ్మ చెవులకి గుడ్డ కట్టింది, బాలింతలకి పెట్టే కాయం మందు ఉండ మింగించింది, మరిగిన నీళ్ళు పోసింది. పత్యమంటూ కూరలన్నీ మాన్పించింది. పాపని చూడ్డానికి ఊరంతా వచ్చింది. ముక్కు నాన్నది, కళ్ళు నాయనమ్మవి అన్నారు. వీరవేణి నీకెలా ఉంది అని మాత్రం ఎవరూ అడగలేదు.

పాప ఏడ్చేది. పొట్టనిండా తాగి కూడా ఏడ్చేది. ఎత్తుకుంటే ఏడ్చేది, దించితే ఏడ్చేది. మా రోజుల్లో నలుగుర్ని కని వారానికల్లా దంపుళ్ళకి పోయేవాళ్ళమని మాణిక్యమ్మ రోజుకోసారి గుర్తుచేసేది.

నెల గడిచింది. రెండో నెలా గడిచింది. వీరవేణికి నిద్ర లేదు. తలదువ్వుకుంటే పిడికెడు జుట్టు చేతికొచ్చేది. మల్లెలు వాసన చూస్తే వాసనే తెలిసేది కాదు. బియ్యం ఏరుతుంటే చేటలోకి కన్నీళ్ళు పడేవి. ఎందుకేడుస్తున్నానా అని తనే ఆశ్చర్యపోయేది. అలాగని పనేదీ మానలేదు. పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది, సాంబ్రాణి వేసేది, బుగ్గన చుక్క పెట్టేది. చేతులు అన్నీ చేసేవి. మనిషి మాత్రం అక్కడ లేదు.

అప్పుడు మూడో నెల వచ్చింది. మల్లెల కాలం. తోట విరగబూసింది, సూరిబాబుకి కోసే తీరికే గానీ మోసే తీరిక లేదు. నేను తీసుకెళ్తానంది వీరవేణి. పాప పాలకి ఏడుస్తుంది కాబట్టి వెంట తీసుకెళ్ళమన్నారు.

మొదటి రోజు వెళ్ళొచ్చింది. రెండో రోజూ వెళ్ళొచ్చింది. మూడో రోజు రేవుకొచ్చేసరికి పాప నిద్రపోయింది. బాదం చెట్టు నీడలో ఒక ఖాళీ గంప పెట్టి, పాత చీర పరిచి, పాపని అందులో పడుకోబెట్టింది. పూలగంప పక్కన పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి పడవ వచ్చింది. వీరవేణి లేచింది. పూలగంప నెత్తినెత్తుకుంది. పడవెక్కింది.

పడవ కదిలింది. చల్లగా గాలి కొట్టింది. చాలా రోజుల తర్వాత ఆవిడకి ప్రాణం హాయిగా అనిపించింది. ఎందుకో కూడా తెలీలేదు.

అవతలి ఒడ్డు దిగింది. పూలకొట్టు సరోజినమ్మ దగ్గరకి వెళ్ళి గంప దించింది. సరోజినమ్మ మొగ్గలు తక్కెట్లో పోస్తూ, "పాపేదే వేణీ, ఇవాళ తేలేదా?" అంది.

"ఏ పాపండీ?" అంది వీరవేణి.

సరోజినమ్మ చేతిలో మొగ్గలు అలాగే ఉండిపోయాయి.

అప్పుడు వీరవేణి రవిక తడిసింది. రెండు వైపులా పాలు కారిపోయాయి. ముందు ఒంటికి గుర్తొచ్చింది బుజ్జులూ, ఆ తర్వాత మనసుకి. ఆవిడ అరవలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తింది.

పడవ పోలయ్య ఇంకో నలుగురు రావాలన్నాడు. అని, ఆవిడ మొహం చూసి, తాడు విప్పేశాడు.

వీరవేణి పడవలో కూర్చోలేదు. నిలబడే ఉంది. సగం దూరం వచ్చేసరికి బాదం చెట్టు కనిపించింది. ఇంకొంచెం వచ్చేసరికి గంప కనిపించింది. గంప అంచు మీద కాకి వాలి ఉంది. ఇంకొంచెం వచ్చేసరికి కాకి ఎగిరిపోయింది. గంపలోంచి చీర కిందకి జారి ఉంది. గంపలో పాప లేదు.

పడవ ఒడ్డు తగలకముందే ఆవిడ నీళ్ళలోకి దూకేసింది. నడుము లోతు నీళ్ళు. తడి చీర కాళ్ళకి చుట్టుకుని పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఎలాగో గంప దగ్గరకి వచ్చి, ఖాళీ గంపలో చేతులు పెట్టి వెతికింది. ఉన్న పాపని కూడా మర్చిపోయినావిడ, లేని పాపని ఆ చీర మడతల్లో వెతికింది.

"ఇక్కడుంది," అని చెట్టు వెనకనుంచి గొంతు వినబడింది.

మాణిక్యమ్మ. కోడలు ఇంట్లో వదిలేసి వెళ్ళిన అన్నం క్యారేజీ ఇద్దామని వచ్చింది. వచ్చేసరికి పడవ అవతలుంది, గంపలో మనవరాలు ఒక్కతే ఉంది. ఎత్తుకుని, ఎండ తగలకుండా చెట్టు వెనక కూర్చుంది. పాప ఆవిడ ఒళ్ళో పిడికిలి చప్పరిస్తూ ఉంది.

వీరవేణి దగ్గరకి వెళ్ళలేదు. దూరంగానే నిలబడిపోయింది.

"అత్తయ్యా, ఎక్కడ పెట్టానో మర్చిపోలేదు," అంది. "నాకో పాప ఉందన్న సంగతే మర్చిపోయాను."

మాణిక్యమ్మ తిట్టడానికే నోరు తెరిచింది. అరగంట నుంచీ ఒక్కో మాటా కూడబెట్టుకుని ఉంది. కానీ కోడలి మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. మూడు నెలలుగా అదే ఇంట్లో తిరుగుతున్న పిల్ల. పొగరనుకుంది, బద్ధకమనుకుంది. ఒక్క రోజు కూడా సరిగ్గా చూడలేదని ఆవిడకి అప్పుడు తెలిసింది. పాపని భుజాన వేసుకుని లేచి, కోడలి దగ్గరకి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది నీకు?"

"ఇది పుట్టిన రోజు నుంచీ. దీన్ని మీరే పెంచండి అత్తయ్యా. నా దగ్గర ఉంచకండి."

"పెంచే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇంటికి పద," అంది మాణిక్యమ్మ.

ఇంటికి తీసుకెళ్ళి, తడి చీర మార్పించి, చాప వేసి పడుకోమంది. వీరవేణి ఆ మధ్యాహ్నం పడుకుని మర్నాడు మధ్యాహ్నం లేచింది. మధ్యమధ్యలో మాణిక్యమ్మ పాపని తెచ్చి, పక్కన పెట్టి పాలిప్పించి, మళ్ళీ తీసుకెళ్ళిపోయేది. వంకాయ కూరా వేడన్నం కలిపి నోట్లో పెట్టింది. పత్యం ఏమైందని అడిగే ఓపిక వీరవేణికి లేదు.

ఆ తర్వాత మాణిక్యమ్మ వారానికోసారి లంకకొచ్చే నర్సమ్మని పిలిపించింది. ఆవిడ పేరు దీనమ్మ. దీనమ్మ అంతా విని, కంగారు పడలేదు. కాన్పయ్యాక కొందరికి ఇలాంటి జబ్బు వస్తుందని, జ్వరం ఎలాగో ఇదీ అలాగేనని, తప్పు ఎవరిదీ కాదని చెప్పింది. తనే వెంటబెట్టుకుని పట్నంలో డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మందులిచ్చింది. నిద్ర పోనివ్వండి, ఒంటరిగా వదలకండి, మాట్లాడితే వినండి, ఇవి మూడూ మందులంత ముఖ్యమే అని గట్టిగా చెప్పింది.

సూరిబాబుకి సంగతంతా అప్పుడే తెలిసింది. వచ్చి వీరవేణి పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మీరు అడగలేదు," అంది వీరవేణి.

ఆయనకి చెంపదెబ్బ తగిలినట్టైంది. మర్నాటి నుంచీ పొద్దున్నే పాపకి నీళ్ళు పొయ్యడం నేర్చుకున్నాడు. మొదటి రోజు సగం నీళ్ళు తన మీదే పోసుకున్నాడు. చూసి ఊళ్ళో నవ్వారు. నవ్వితే నవ్వనీ అని రెండో రోజూ పోశాడు.

ఊళ్ళో ఇంకా చాలా అన్నారులే. ఒకావిడ దిష్టి అంది. ఒకావిడ గాలి సోకిందంది. ఇంకొకావిడ, కన్నబిడ్డ మీద ప్రేమ లేని తల్లి ఉంటుందా, అంతా నాటకమంది. మాణిక్యమ్మకి మాటలు ఎక్కువని చెప్పాను కదా, ఆ మాటలు అప్పుడు పనికొచ్చాయి. కుళాయి దగ్గర బిందె దించి, "మా కోడలికి జబ్బు చేసింది. మందు వేసుకుంటోంది. పిల్లని చూడాలంటే రండి, కోడలికి నీతులు చెప్పాలంటే రాకండి," అంది. ఆ తర్వాత నీతులు చెప్పడానికి ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు కూరో పచ్చడో తెచ్చి, వీరవేణి పక్కన కూర్చుని వెళ్ళారు.

అప్పుడు తగ్గిందా అంటావా? వెంటనే తగ్గలేదు. నాలుగో నెల అలాగే గడిచింది. కొన్నాళ్ళు బాగుండేది, కొన్నాళ్ళు మళ్ళీ చేటలో కన్నీళ్ళు.

ఐదో నెలలో ఒక రోజు, వీరవేణి వసారాలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. పాప పక్కన చాప మీద ఉంది. వంటింట్లో మాణిక్యమ్మ పోపు పెడుతోంది. మిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్మేసింది. అప్పుడు పాప తుమ్మింది.

తుమ్మి, తన తుమ్ముకి తనే అదిరిపడింది. కళ్ళు ఇంతింత చేసుకుని ఇటు చూసింది. మళ్ళీ తుమ్మింది. అటు చూసింది. మూడోసారి తుమ్మి, వీరవేణి మొహంలోకి చూసింది. ఎవరు చేశారు ఇది, నాకెందుకు చెప్పలేదు అని అడుగుతున్నట్టుంది ఆ మొహం.

వీరవేణికి నవ్వొచ్చింది. పాప పుట్టాక అదే మొదటి నవ్వు. అసలు నవ్వు. తనకీ ఐదు నెలలుగా మొహం అలాగే ఉంది కదా అనుకుంది. పాప మీదకి వంగి, "నీకూ అంతా కొత్తేనా?" అని మెల్లిగా అడిగింది.

పాప ఆవిడ నవ్వు చూసి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

అప్పుడు వీరవేణి దండ పక్కన పెట్టి, పాపని ఎత్తుకుంది. ఎవరూ ఎత్తుకోమని చెప్పలేదు. పాలకి ఏడవలేదు, గుడ్డ తడపలేదు. ఊరికే ఎత్తుకుంది. ఎత్తుకుని, మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. వాసన తెలిసింది.

ఏదీ పొంగలేదు బుజ్జులూ. గోదారి ఇసకలో చెలమ తవ్వితే అడుగున కొంచెం కొంచెంగా నీళ్ళు ఊరతాయి చూడు, అలా ఊరింది.

మాణిక్యమ్మ గుమ్మంలోంచి అది చూసింది. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పోపు మాడిపోయింది. ఆ పూట అందరూ మాడిన పప్పే తిన్నారు.

ఏడాది నిండాక, డాక్టరమ్మ చెప్పినప్పుడే మందులు మానేసింది వీరవేణి. పాప నడిచింది, బడికెళ్ళింది, జడలేసుకునేంత పెద్దదైంది. అప్పుడు ఒక రోజు వీరవేణి కూతుర్ని కూర్చోబెట్టుకుని, ఊళ్ళోవాళ్ళు చెప్పకముందే, అంతా తనే చెప్పింది. ఏమీ దాచలేదు. ఆ పిల్ల దిమ్మెరపోయి వింది. విని, ఒక్కటే అడిగింది.

"మర్చిపోయింది ఆ ఒక్కసారేనా అమ్మా?"

"ఒక్కసారే," అంది వీరవేణి. "ఆ పడవ దిగినప్పట్నుంచీ మళ్ళీ ఒక్క నిమిషం కూడా మర్చిపోలేదు."

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్ర దారి పట్టింది.
లంకలో మల్లెలు విచ్చుకున్నాయి,
మా బుజ్జి రెప్పలు ముడుచుకున్నాయి.