తెర వేసిన వేళ

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబిచ్చే అలవాటు తిరువెంగళాచార్యుల వారికి లేదు. అడిగినవాళ్ల చేతే ఏదో ఒకటి చేయించి, చివర ఒక్క ముక్క అని ఊరుకునేవారు. ఆ ముక్క పట్టుకుని ఇంటికెళ్లి ఆలోచించుకోవలసిందే. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో వేణుగోపాలస్వామి సన్నిధి చిన్నదే కానీ, చూశారూ, అక్కడికి వచ్చే ప్రశ్నలు మాత్రం చిన్నవి కావు.

ఒకనాటి ఉదయం నీలవేణి వచ్చింది. వాళ్లమ్మ చంకనెక్కి తిరిగే వయసునుంచీ ఆ గుడికి వచ్చిన పిల్ల. ఆచార్యుల వారి దగ్గరే మంత్రోపదేశం పొందిన శిష్యురాలు. ఆ రోజు కళ్లు వాచి ఉన్నాయి. ఇంటర్లో జంతుశాస్త్రం తప్పింది. మళ్లీ పరీక్ష దగ్గర పడింది. ఇదీ తప్పితే నర్సింగు సీటు చేజారినట్టే. బట్టల కొట్లో కూర్చోబెడతానని మావయ్య అప్పుడే చెప్పేశాడు కూడా.

"పుస్తకం చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది గురువుగారూ. పరీక్ష హాల్లో కూచునేసరికి ఏదీ అందదు. చదివిందే చదివాను, చదివిందే చదివాను. లోపం నా బుర్రలోనా, భక్తిలోనా?"

ఆయన పుస్తకం అందుకుని పేజీలు తిప్పారు. పసుపుపచ్చ రంగు పెన్ను తగలని వాక్యం లేదు. "గడపకు పూసినట్టు బాగానే పూశావమ్మా పసుపు," అన్నారు.

అంతలో గంట మోగింది. నైవేద్యం వేళ. అర్చకుడు తెర లాగాడు. ఆరగింపు అయ్యేదాకా స్వామి కనబడడు. ఆ కాసేపూ మనలాంటివాళ్లం ఏం చేస్తాం? కూరల ధరలు మాట్లాడుకుంటాం. ఆచార్యుల వారు మాత్రం, "నీలవేణీ, తెర వెనక స్వామి ఎలా ఉన్నాడో చెప్పు," అన్నారు.

"రోజూ చూసేదే కదండీ! నెమలిపింఛం, చేతుల్లో వేణువు, మెడలో తులసిమాల..." గబగబా మొదలుపెట్టి ఆగిపోయింది.

"వేణువు స్వామికి ఏ వైపుకు చాచి ఉంది?"

"ఎడమకి... ఎడమకేనండీ."

"పాదాల దగ్గర ఆవు ఎటు చూస్తోంది?"

పిల్ల మెడ సాచి తెర సందులోంచి చూడబోయింది. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ వంట నాంచారమ్మ నవ్వింది. "ఏటే అమ్మడూ, అదీ తెలీదా? ఆవు మనకేసే చూస్తాది. వేణువు ఎడమకే. పెళ్లై ఈ ఊరొచ్చిన కాడ్నుంచీ చూస్తన్నాను, నాకు చెప్తారేటి!"

తెర తీశారు. హారతి వెలుగులో నీలవేణి దండం పెట్టడం కూడా మరిచి మెడ సాచి చూసింది. ఆవు జనంకేసి కాదు, మెడ ఎత్తి స్వామి మొహంకేసి చూస్తోంది. వేణువు ఉన్నది తన ఎడమ వైపున, నిజమే. ఎదురుగా నిలబడ్డ స్వామికి అది కుడి. నాంచారమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, రోజూ దండం ఎట్టిన ఆవేనా ఇది!"

నీలవేణికి నవ్వు రాలేదు. గుండె బొమ్మ గుర్తొచ్చింది. పోయిన పరీక్షలో కుడి గదుల పేర్లు ఎడమకూ, ఎడమవి కుడికీ రాసి వచ్చింది. పుస్తకంలోని గుండె కూడా మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిదే కదా! ఆ పేజీ ఎన్నిసార్లు చూసిందో. చూసిన ప్రతిసారీ తెలిసినట్టే ఉండేది గనక, ఎన్నడూ వెతుక్కోలేదు.

"పుస్తకానికి తెర ఉండదు కదా గురువుగారూ," అంది మెల్లగా.

ఆయన ఆమె భుజం మీది చున్నీకేసి ఒకసారి చూసి, తీర్థం తీసుకోవడానికి వెళ్లిపోయారు.

మర్నాటినుంచి మండపం మూల ఒక వింత మొదలైంది. పాఠం ఒకసారి చదవడం, పుస్తకం మీద చున్నీ కప్పేయడం, బియ్యప్పిండితో నేల మీద గుండె వేసి, రక్తం ఎటునుంచి ఎటు వెళ్తుందో వేలితో నడిపిస్తూ పైకి చెప్పడం. ఎక్కడైనా ఆగితే అక్కడే కూచుని తంటాలు పడేది. ఇక రాదనుకున్నాకే చున్నీ ఎత్తేది. మొదటిరోజు రక్తం ఊపిరితిత్తుల మొహమే చూడకుండా ఒళ్లంతా తిరిగొచ్చేసింది. "పాపం, ఆ మనిషి బతికేడా?" అనడిగింది నాంచారమ్మ. మరుసటి రోజు నీలవేణి పుస్తకం విప్పకముందే పిండి తీసింది. కొన్నాళ్లకు ఆ మనిషి, స్వామి దయవల్ల, నిక్షేపంగా లేచి తిరిగాడు.

ఫలితాలు వచ్చిన రోజు నీలవేణి బెల్లం దిమ్మ పట్టుకుని పరుగున వచ్చింది. "గుండె బొమ్మే అడిగారు గురువుగారూ! పాసయ్యాను!" అని కాళ్లకు దండం పెట్టింది. ఆయన తలమీద చెయ్యి ఉంచారు. అంతలో గంట మోగింది, తెర పడింది. జనం కబుర్లలో పడ్డారు. నీలవేణి మాత్రం కళ్లు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి.

నాంచారమ్మ ఆచార్యుల వారి పక్కకు జరిగి గుసగుసలాడింది. "పరీక్ష అయిపోనాది కదండీ. ఇంకా ఏటి వల్లిస్తంది?"

"తెర వేశారుగా," అన్నారాయన. "దర్శనం చేసుకుంటోంది."