జీడిగింజ పండు బయటికొచ్చిన కథ

ఒకప్పుడు జీడిగింజ పండు లోపలే ఉండేది. దాని పెంకు ఉల్లిపొట్టంత పలచన. ఒలుచుకు తినాలని ఎవరికీ తెలీదు. పండూ, పెంకూ, పప్పూ అన్నీ కలిపి నమిలేసేవాళ్లు. ఒక్క గింజా మట్టికి దక్కేది కాదు.

అందుకే ఆ కొండ మొత్తం మీద ఒకే ఒక్క జీడిచెట్టు మిగిలింది. పాపం, ముసలిది. దానికున్న తోడల్లా పైడి అనే ఏడేళ్ల పిల్ల. కొండ కింద గుడిసెలో అవ్వతో ఉండేది. పొద్దున్నే వచ్చి కొమ్మెక్కి, కాళ్లూపుకుంటూ పాటలు పాడేది. పాడుతూ పాడుతూ పళ్లన్నీ తినేసేది.

"ఒక్క గింజ ఒగ్గేయవే బుజ్జమ్మా. నాకూ ఒక మొక్క కావాలి గదా" అని చెట్టు బతిమాలేది.

"రేపు ఒగ్గేత్తాలే!" అనేది పైడి. దాని మనసు మంచిదే, కానీ కడుపు ఎప్పుడూ ఖాళీయే.

ఆ వేసవిలో పోడు కోసం కొండవాళ్లు పొదలు తగలబెట్టారు. నిప్పు వాలెక్కి చెట్టు దాకా వచ్చింది.

"నిప్పన్నా, ఈ ఏడు ఒక్కటే పండు కాశాను. మళ్లీ కాస్తానో లేదో. తినేవాళ్ల నుంచి నా గింజని కాపాడు" అంది చెట్టు.

"నాలోంచి ఒక చుక్క తీసి పెంకులో పోస్తాను. కానీ నాకు మనవాళ్లూ పరాయివాళ్లూ తెలీదు. ఎవరు కొరికినా కాలుస్తాను" అంది నిప్పు.

చెట్టు పైడి కూర్చునే కొమ్మ వైపు చూసుకుంది. "సరే. పైడికి నేను చెప్పుకుంటాను" అంది చివరికి. నిప్పు ఆ చుక్క పోసి వెనక్కి మళ్లింది.

చెప్పింది కూడా. "తినకే తల్లీ! నోరు కాలుద్ది!"

పైడి పకపకా నవ్వింది. "రోజూ ఒద్దనే అంటావు గదేటి!" అని కొరికేసింది.

పెంకులోంచి నిప్పులాంటి జీడి రసం చిమ్మింది. పెదాలు, నాలుక పొక్కిపోయాయి. పైడి గింజని ఉమ్మేసి కేక పెట్టింది. అవ్వ పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుంది.

"నీ కొమ్మల మీద పెరిగిన గుంటే గదే! దాని నోరు కాల్చడానికి నీకు మనసెలా ఒప్పిందే?" అని ఏడ్చింది. చెట్టు గొంతు పట్టేసింది.

వానలు పడ్డాయి. ఉమ్మేసిన గింజ మొలకెత్తింది. పైడి నోరు మానింది. కానీ ఆ పిల్ల మళ్లీ పాడలేదు. కొండెక్కనూ లేదు. చెట్టు రోజూ పొద్దున్నే దారి వైపు చూసేది.

పోయే ముందు మొక్కతో ఇలా చెప్పింది: "నీ గింజని లోపల దాచకమ్మా. అందరికీ కనబడేలా బయట పెట్టు. నీ కోసం వచ్చే పిల్లలకి నోరు కాలకూడదు."

అప్పటినుంచే జీడిగింజ పండు కింద బయట వేలాడుతోంది. అప్పటినుంచే దాని పెంకుని ఎవరూ నోట పెట్టరు. పెద్దవాళ్లు కాల్చి, నిప్పు చుక్కని నిప్పుకే ఇచ్చేసి, అప్పుడు పప్పు తీస్తారు. పండు మాత్రం తియ్యగానే ఉంటుంది. కానీ తిని చూడండి, ఏడుపు ఆపుకున్నప్పుడు పట్టినట్టే గొంతు పట్టేస్తుంది.