గోరింటాకు పెట్టిన మధ్యాహ్నం

మనోజ్ఞకు ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

ఆమె చేసిన డయోడ్ వెంట్రుక కంటే పలచన. దాని లోపల కంటికి ఆనని అర్ధవాహకపు నలుసులున్నాయి. క్వాంటం డాట్లంటారు వాటిని. డయోడ్‌కు సరైన వోల్టేజీ ఇచ్చి లేజరు తాకిస్తే, డాట్ కాంతికణాలను ఒక్కొక్కటిగా వదలాలి. వదులుతోంది కూడా. కానీ ఆ వెలుగు రంగే ఒకచోట నిలవడం లేదు. తెర మీద ఆ రంగును చూపే గీత అటు జరిగితే మనోజ్ఞ వోల్టేజీ నాబ్ ఇటు తిప్పుతుంది, ఇటు జరిగితే అటు. వారమంతా ఇదే తంతు. వోల్టేజీ కదిపిన ప్రతిసారీ డయోడ్ సర్దుకోవడానికి కొంతసేపు పడుతుందని ఆమె చదువుకున్నదే. చదువు చదువే, కంగారు కంగారే.

సాయంత్రానికి, డయోడ్‌ను గడ్డకట్టే చలిలో ఉంచే శీతల యంత్రాన్ని ఇంకో బృందానికి అప్పగించాలి. మళ్ళీ వంతు దీపావళి దాటాకే. ఈసారీ గీత నిలవకపోతే పరిశోధనకో దండం పెట్టి బ్యాంకు పరీక్షలు రాసుకుంటానని తమ్ముడితో చెప్పేసింది.

"ఈ డాట్ మంచిది కాదు మేడమ్," అంది గురువు ఇందుమతి గారితో. "రెప్ప వేస్తే జారిపోతోంది. అందుకే చెయ్యి తియ్యట్లేదు."

ఇందుమతి గారు తెర వంక చూశారు. నాబ్ మీద బిగుసుకున్న వేళ్ళ వంకా చూశారు. తన గదికి వెళ్ళి, స్టీలు గిన్నెతో తిరిగొచ్చారు. ఆషాఢం వచ్చిందంటే ఆవిడ ఇంట్లో గోరింటాకు రుబ్బి తెచ్చి శిష్యులందరికీ పెట్టాల్సిందే. మగపిల్లలకైనా చిటికెనవేలు తప్పదు.

"చేతులు చాపు."

"ఇప్పుడా మేడమ్? సాయంత్రానికి..."

"రెండూ చాపు."

గురువు గారే అడిగాక కాదనేదేముంది? అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. పెళ్ళికూతురికి పెట్టినంత తాపీగా పెట్టారావిడ.

"మేడమ్, అదిగో, పోతోంది! మీరైనా కాస్త తిప్పండి!"

"నా చేతులకీ అంటిందిగా తల్లీ."

మనోజ్ఞ ప్రాణం గిలగిల్లాడింది. అది చాలదన్నట్టు ముక్కు దురద పెట్టింది. ఇందుమతి గారు మోచేత్తో గోకారు. చిన్నప్పుడు గోరింటాకుతో నిద్రపోయి, పొద్దున్నే ఒక చెంప ఎర్రగా లేచిన కథ చెప్పారు. ఎంత వద్దనుకున్నా మనోజ్ఞకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో తెర సంగతే మరిచిపోయింది.

మళ్ళీ అటు చూసేసరికి గీత ఊగడం తగ్గింది. చూస్తూండగానే ఇంకా తగ్గి, ఉన్నచోటే ఉండిపోయింది. పక్కనున్న లెక్కింపు యంత్రంలో కాంతికణాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. రెండు జంటగా వచ్చిన జాడే లేదు.

మనోజ్ఞ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. చేతులు పైకెత్తి గదంతా తిరుగుతూ కేకలు పెట్టింది. ఏం కొంప మునిగిందోనని పక్క గదిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆమెకు ఆనందం పట్టలేక కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"మేడమ్, ఏం చేశారు? నేను చూడకుండా ఏం మార్చారు?"

"నేనేం మార్చాను? నీకు గోరింటాకు పెట్టాను," అన్నారు ఇందుమతి గారు.

మనోజ్ఞ నాబ్ వంక చూసింది. తన చేతుల వంక చూసుకుంది. గోరింటాకు అప్పుడే అంచుల్లో ఎండి రాలుతోంది. సాయంత్రానికింకా చాలా పొద్దుంది.

ఆమె గబగబా వచ్చి గురువు ముందు రెండు చేతులూ చాపింది.

"ఇంకాస్త మిగిలిందా మేడమ్?"