నూకరాజు ఫొటో మోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లు లేవు, పగడాలున్నాయి. పులి బదులు సొర చేప తిరుగుతుంది. కోతుల బదులు చిలక చేపలు అల్లరి చేస్తాయి. అది సముద్రం అడుగున ఉన్న అడవి, పిల్లలూ. మనం అక్కడికి వెళ్ళాలంటే ముక్కు మూసుకుని మునగాలి.

ఆ అడవిలో ఒక నున్నటి బండ దగ్గర నూకరాజు అనే చేప ఉండేవాడు. మన చూపుడు వేలంత ఉంటాడు. ఒళ్ళంతా నీలం, మూతి నుంచి తోక దాకా ఒక నల్లటి చార. చూడ్డానికి చిన్నవాడే గాని ఆ అడవికంతా వాడితోనే అవసరం. చేపలకు చేతులుండవు కదా! వీపు మీద పురుగు పట్టినా, పళ్ళ సందున పీచు ఇరుక్కున్నా ఎలా తీసుకుంటాయి? అందుకని అన్నీ నూకరాజు బండ దగ్గరికొచ్చి వరసలో నిలబడేవి. వాడు ఒక్కో పురుగూ ఏరి తినేవాడు. వాళ్ళకి ఒళ్ళు శుభ్రం, వీడికి కడుపు నిండా భోజనం.

ఆ బండ దగ్గర ఒక కట్టుబాటు ఉంది. అక్కడ ఎవరూ ఎవరినీ తినకూడదు. నూకరాజు నోట్లో దూరి పళ్ళు శుభ్రం చేసి బయటికొచ్చేదాకా, ఎంత ఆకలిగా ఉన్నా సరే, నోరు ముయ్యకూడదు. సొర చేప కూడా బుద్ధిగా తెరిచి ఉంచేది. బండ దాటి నాలుగు బారలు పోయాక మాత్రం ఎవరి ఆకలి వాళ్ళది. అందుకే నూకరాజు బుద్ధెరిగాక ఎన్నడూ ఆ బండ వదిలి పోలేదు.

పనిలో వాడికి తోడు రొయ్య అప్పాయమ్మ. ఆవిడ తెల్లటి పొడుగాటి మీసాలు ఊపి వచ్చేవాళ్ళని పిలిచేది. మీసాలెంత పొడుగో నోరూ అంతే. కాని నూకరాజంటే ఆవిడకి సొంత తమ్ముడి కింద లెక్క.

ఒకరోజు తాబేలు తాత ఈదుకుంటూ వచ్చాడు. ఆయన తిరగని సముద్రం లేదు. వస్తూనే బండ మీద ఆయాసం తీర్చుకుని, బుడగలమ్మ వస్తోందని కబురు చెప్పాడు. బుడగలమ్మ అంటే మనలాంటి మనిషే. వీపున గాలి సీసా కట్టుకుని, కాళ్ళకి రబ్బరు రెక్కలు తొడుక్కుని, నోట్లోంచి బుడగలు వదులుతూ నీళ్ళలోకి దిగుతుంది. చేతిలో పెద్ద కెమెరా, దానికి అటొకటి ఇటొకటి పీత కళ్ళలాగా రెండు దీపాలు. మంచు తేలే సముద్రంలో నీటికుక్కల్ని ఫొటో తీసిందట. ఎక్కడో వెచ్చటి సముద్రంలో తిమింగలం తల్లినీ బిడ్డనీ తీసిందట. అన్ని సముద్రాలూ తిరిగి పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం చేస్తోందట. ఈ సారి ఆవిడ పడవ నేరుగా మన అడవి మీద ఆగుతుందని తాత చెప్పాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నూకరాజు కాలు నేల మీద నిలవలేదు. చేపకి కాలెక్కడిదని అడక్కండి, మాటవరసకి అన్నాను. ప్రపంచంలోని పిల్లలంతా పేజీ తిప్పగానే తన మొహమే కనిపించాలని వాడికి ఆశ పుట్టింది. ఆశ పుట్టడంలో తప్పు లేదు. అది పుట్టిన తరవాత వాడు చేసిన పనులే తప్పు.

మర్నాడు బుడగలమ్మ దిగనే దిగింది. ఎవర్నీ ముట్టుకోలేదు, ఎవర్నీ తరమలేదు. బండకి కాస్త దూరంలో ఇసుక మీద బోర్లా పడుకుని, మెల్లగా ఊపిరి వదులుతూ ఊరికే చూస్తూ ఉండిపోయింది. కెమెరా ముందు గుండ్రటి పెద్ద అద్దం ఉంది. నూకరాజు దగ్గరికెళ్ళి తొంగి చూశాడు. అందులో వాడు వాడికే కనిపించాడు. ఇంత అందగాణ్ణని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమిటా అనుకున్నాడు.

ఇక చూస్కోండి వాడి వేషాలు.

మొదట చిలక చేప వచ్చింది. ఒంటికి రెండు వైపులా పురుగులే. నూకరాజు కెమెరాకి కనబడే వైపు మాత్రం తళతళలాడేలా శుభ్రం చేసి, అవతలి వైపు వదిలేశాడు. పాపం ఆ చేప సగం మెరుస్తూ, సగం పగడాలకి రాసుకుంటూ ఇంటికి పోయింది. బుడగలమ్మ కెమెరా ఎత్తలేదు.

తరవాత గంగులు వచ్చాడు. గంగులంటే గంపంత నోరున్న పెద్ద చేప. వాడు నోరు తెరిచాడు. నూకరాజు లోపలికి పోలేదు. కింది పెదవి మీద నిలబడి తోక అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అద్దం వైపు చూసి మొహం సవరించుకున్నాడు. ఎంతసేపటికీ అదే వరస. గంగులికి దవడలు లాగేస్తున్నాయి. ఇంతలో దారి తప్పిన కవళ్ళనే చిన్న చేపల గుంపొకటి, ఇదేదో గుహ కాబోలనుకుని ఆ నోట్లో దూరి కబుర్లు మొదలుపెట్టింది. నోటి నిండా భోజనం, మింగడానికి మాత్రం లేదు. గంగులికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. సముద్రంలో ఎవరి కన్నీళ్ళూ ఎవరికీ కనబడవు గనక సరిపోయింది. బుడగలమ్మ అప్పుడూ కెమెరా ఎత్తలేదు.

రెండు రోజులు ఇలాగే గడిచాయి. వరసలో నిలబడేవాళ్ళు తగ్గారు. ఉన్న పనంతా అప్పాయమ్మే చేసి చేసి అలిసిపోయింది. ఆవిడ మందలించబోతే, వెలుతురు సరిగా పడటం లేదనీ, గంగులు మొహం బాగోలేదనీ నూకరాజు ఏవేవో వంకలు చెప్పాడు. తన తప్పు తప్ప అందరి తప్పులూ వాడికి కనబడ్డాయి.

మూడో రోజు తాబేలు తాత వచ్చి, ఆ సాయంత్రమే బుడగలమ్మ పడవ ఇంకో సముద్రానికి వెళ్ళిపోతుందని చెప్పాడు. నూకరాజు గుండెలో రాయి పడ్డట్టయింది. ఈ రోజు పడకపోతే ఇక ఫొటో లేనట్టే.

సరిగ్గా అప్పుడే నీళ్ళలో పెద్ద నీడ కదిలింది. టేకు పెద్దమ్మ వచ్చింది.

టేకు చేపని మీరు చూశారో లేదో. రెండు వైపులా చాపలంత రెక్కలుంటాయి. ఈదుతుంటే ఎగురుతున్నట్టే ఉంటుంది. పెద్దమ్మ ఏడాదికోసారి ఆ దారిన వెళ్ళేది. నూకరాజు పిల్లాడిగా ఉన్నప్పుడు, వీడు మనకేం చేస్తాడులే అని అందరూ నవ్వి పక్కకి పోతే, మొదట వాణ్ణి పిలిచి ఒళ్ళు అప్పగించింది ఆవిడే. వాడు పని నేర్చుకుంది ఆవిడ మొప్పల దగ్గరే.

ఈసారి పెద్దమ్మ వాలకం బాగోలేదు. ఎక్కడో తెగిన వల దారం ఒకటి మొప్పలో చిక్కుకుంది. దాని చుట్టూ పురుగులు మూగాయి. ఊపిరి అందక ఒక రెక్క వాల్చేసి ఈదుతోంది. టేకు చేప కదులుతూ ఉంటేనే మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళి ఊపిరాడుతుంది. ఆగిందంటే ఊపిరి ఆగినట్టే. అందుకే ఆవిడ బండ మీదుగా చుట్లు తిరుగుతుంటే నూకరాజు కూడా ఈదుతూ పని చెయ్యాలి. ఈ సంగతి వాడికంటే బాగా ఎవరికీ తెలియదు.

తెలిసీ ఏమన్నాడో వినండి.

"పెద్దమ్మా, ఇక్కడ కొంచెం ఆగవే. వెలుతురు బాగుంది."

"ఆగితే నాకు ఊపిరాడదు గదా నాయనా. ముందు ఆ దారం చూడు. చాలా ఇబ్బందిగా ఉంది," అంది పెద్దమ్మ.

అయితే ఇంకో చుట్టు తిరిగి ఎండ వైపు నుంచి రమ్మన్నాడు నూకరాజు. పెద్దమ్మ తిరిగి వచ్చింది. ఈసారి మరీ పైనుంచి వచ్చావు, కాస్త కిందుగా రమ్మన్నాడు. మళ్ళీ తిరిగి వచ్చింది. అంతలో అద్దానికి అడ్డంగా కవళ్ళు పోయాయి. ఇంకొక్కసారి రమ్మన్నాడు. పెద్దమ్మ మూడో చుట్టు కూడా తిరిగింది. వాడు అద్దంలో మొహం చూసుకుంటూ ఆవిడ వచ్చింది కూడా గమనించలేదు.

"నీకు పనుందిలే నాయనా. నేను పోతాను. నీటి వాలు మారిపోతే ఇక ఈదలేను," అని పెద్దమ్మ నెమ్మదిగా లోతు నీళ్ళ వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే నూకరాజుకి అంత గుచ్చుకునేది కాదు.

అదే క్షణంలో బుడగలమ్మ కెమెరా ఎత్తింది. దీపాలు రెండూ వెలిగాయి. గుండ్రటి అద్దం తిన్నగా నూకరాజు వైపు తిరిగింది. మూడు రోజులుగా వాడు కోరుకున్నది అదే. అద్దంలో వాడు నిండుగా, నీలంగా కనిపించాడు. వాడి వెనక, చిన్నగా, ఒక రెక్క వాల్చుకుని వెళ్ళిపోతున్న పెద్దమ్మ కూడా కనిపించింది. చూస్తుండగానే ఆవిడ ఇంకా చిన్నదైపోయింది.

నూకరాజుకి సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఈ మొప్పతో పెద్దమ్మ మళ్ళీ ఏడాది ఈ దారికి వస్తుందా? వాడు అద్దానికి తోక తిప్పేసి ఒక్క ఉరుకు ఉరికాడు.

"ఒరే, బండ దాటేస్తున్నావు! అక్కడ మన కట్టుబాటు చెల్లదురా," అని అరిచింది అప్పాయమ్మ.

"పెద్దమ్మకి ఊపిరాడటం లేదక్కా. బండ నువ్వు చూసుకో," అని వాడు వెనక్కి చూడకుండా చెప్పాడు.

బండ దాటాక కింద ఇసుక లేదు, పక్కన పగడం లేదు. ఎటు చూసినా నీలమే. దూరంగా పొడుగు మూతి చేప ఒకటి వాణ్ణి చూసి, దారిలో దొరికిన పలహారం అనుకుని వెంటపడింది. నూకరాజు జీవితంలో ఎన్నడూ అంత జోరుగా ఈదలేదు. దాని పళ్ళు తోకకి తగలబోతున్నాయనగా పెద్దమ్మ రెక్క కిందికి దూరి మొప్పలోకి జారుకున్నాడు.

"ఎవరది?" అంది పెద్దమ్మ ఉలిక్కిపడి.

"నేనే పెద్దమ్మా. తప్పయిపోయింది."

"అయితే అయిందిలే. వచ్చావు గదా," అంది ఆవిడ.

నూకరాజు వెంటనే పనిలోకి దిగాడు. పురుగుల్ని ఏరాడు. దారాన్ని పట్టి లాగాడు, రాలేదు. ఇటు కొరికాడు, అటు కొరికాడు. ఒక్కో పోగే తెంపాడు. మూతి మండిపోయింది. ఎండ ఏ వైపు ఉందో, తన మొహం ఎలా ఉందో, అసలు కెమెరా అనేది ఒకటుందో లేదో వాడికి గుర్తే లేదు. ఆఖరి పోగు తెగగానే మొప్ప పూర్తిగా తెరుచుకుంది. నోట్లోంచి నీళ్ళు బుస్సున వచ్చి నూకరాజుని బయటికి విసిరేశాయి. పెద్దమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని, సంతోషం పట్టలేక నీళ్ళలో ఒక పిల్లిమొగ్గ వేసింది. ఆ వయసులో, ఆ ఒంటితో పిల్లిమొగ్గ వెయ్యడం చూసి, వేటకొచ్చిన పొడుగు మూతి చేప హడలిపోయి పారిపోయింది.

పెద్దమ్మ వాణ్ణి రెక్క చాటున పెట్టుకుని బండ దగ్గర దింపింది. అప్పాయమ్మ రెండు మీసాలతోనూ వాణ్ణి తడిమి, అన్ని అవయవాలూ ఉన్నాయని రూఢి చేసుకున్నాక, తీరిగ్గా తిట్టింది.

తిట్లు సగంలో ఉండగా బుడగలమ్మ వచ్చింది. ఆవిడ కొంచెం దూరంగా వాళ్ళ వెనకే ఈదుతూ వెళ్ళిందని నూకరాజుకి తెలియనే తెలియదు. నవ్వుతోందేమో, బుడగలు గుప్పుగుప్పున వస్తున్నాయి. కెమెరా వెనకవైపు చిన్న తెర ఉంది. తను తీసిన ఫొటో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటోంది. బండ చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా ఆవిడ భుజాల మీదుగా మూతులు చాపి తొంగి చూశారు.

తెర నిండా నీలం. ఆ నీలంలో టేకు పెద్దమ్మ రెండు రెక్కలూ చాచి ఎగురుతోంది. చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేనంత బాగుంది.

"బాగుంది గాని ఇందులో మన నూకరాజేడీ?" అన్నాడు గంగులు.

అందరూ వెతికారు. తాబేలు తాత కళ్ళు చిట్లించాడు. ఆఖరికి అప్పాయమ్మ మీసంతో చూపించింది. అప్పుడే తెరుచుకున్న పెద్దమ్మ మొప్ప సందులోంచి బయటికి, బియ్యపు గింజంత నీలం తోక. అంతే. మొహం లేదు, ఒళ్ళు లేదు, ఆ తోక కొస ఒక్కటే. గంగులు పొట్ట పట్టుకోడానికి చేతుల్లేక ఇసుకలో దొర్లి దొర్లి నవ్వాడు. మూడు రోజులు అన్ని వేషాలేసి చివరికి ఇంతేనా దిగడం అని అందరూ ఆట పట్టించారు. నూకరాజు మాత్రం తెర దగ్గరికంటా వెళ్ళి, అందరికంటే ఎక్కువసేపు చూశాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"నన్నెందుకు వెతుకుతారు? పెద్దమ్మ మొప్ప చూడండి, ఎంత బాగా తెరుచుకుందో," అన్నాడు.

నీతి: మనం ఎలా కనిపిస్తున్నామో చూసుకుంటూ కూర్చుంటే, మనతో అవసరమున్నవాళ్ళు మన కళ్ళ ముందునుంచే వెళ్ళిపోతారు. వాళ్ళని చూసినవాడే మంచి పనివాడు.