ఇంటికో చెక్క

ఆ లంకకి ఒకటే పడవ ఉండేది. ఎవరిదని అడిగితే అందరిదీ అని చెప్పేవారు. మాటవరసకి అన్న మాట కాదది. తాతల కాలంలో పడవ కట్టినప్పుడు ఇంటికో చెక్క ఇచ్చారు. ఎవరి చెక్క మీద వాళ్ళ ఇంటి గుర్తు కాల్చి వేయించుకున్నారు. ఒకరిది చేప, ఒకరిది కొడవలి, ఒకరిది ఉత్త మూడు గీతలు. ఏరు దాటేటప్పుడు పిల్లలు తమ గుర్తు ఎక్కడుందో వెతుక్కునేవారు. పెద్దవాళ్ళు వెతికేవారు కాదు. పడవ నడుస్తోంది కదా, గుర్తుతో పనేమిటి అనుకునేవారు.

చుక్కాని పట్టేవాణ్ణి మాత్రం ఐదేళ్ళకోసారి ఎన్నుకునేవారు. పద్ధతి తేలికే. పోటీకి దిగినవాళ్ళు రేవు ఇసకలో తలో గెడకర్ర పాతుతారు. ఇంటికో కొబ్బరితాడు ముక్క. ఎవరు కావాలో వాళ్ళ గెడకి కట్టి పోవాలి. సాయంత్రానికి ఎవరి గెడ లావెక్కితే వాళ్ళదే చుక్కాని.

ఆ లంక తూర్పు కొసన ఆకులావిడ ఉండేది. అవిసె చెట్లకి పాకించిన తమలపాకు తోట, అందులోనే ఒక పాక, పాకలో ఒక మొగుడు, ఇవీ ఆవిడ ఆస్తులు. తమలపాకు మహా సుకుమారం. ఎండ తగిలితే చాలు, మొహం మాడ్చుకుంటుంది. పొద్దెక్కకముందే అవతలి ఒడ్డు సంతలో ఉండాలి. అంటే పడవ వేళకి కదలాలి. ఆవిడ సంసారమంతా ఆ ఒక్కదాని మీద నిలబడి ఉంది.

అప్పట్లో చుక్కాని పాతాయన చేతిలో ఉండేది. ఆయన పడవని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేవాడు. ఏటా మేకులు బిగించి, చెక్కల సందుల్లో నూలు కూరి, తారు పూయించేవాడు. ఆ ఖర్చుకి ఇంటికిన్ని కొబ్బరికాయలని వసూలు చేసేవాడు. పడవలోకి చుక్క నీరు వచ్చేది కాదు. ఆయన నోట్లోంచి మంచి మాట కూడా వచ్చేది కాదు.

కాయ చిన్నదైతే మొహానే విసిరికొట్టేవాడు. కొబ్బరి వర్తకులు దర్జాగా ఎక్కి కూర్చునేదాకా ఆకులావిడ గంప నెత్తిన పెట్టుకుని నిలబడాల్సిందే. కింది రేవు చేపలావిడనైతే అసలు ఎక్కనిచ్చేవాడు కాదు. గంప కంపు కొడుతుందట. ఆఖరి తడవకి చోటుంటే రమ్మనేవాడు. ఆ వేళకి సంత ఎత్తేస్తారు, చేపలు నిజంగానే కంపు కొడతాయి. ఇది అన్యాయమని ఆకులావిడకి తెలుసు. తెలిసీ, పక్కన చేపల గంప లేనందుకు లోలోపల సంతోషించేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ యేడు ఎన్నిక దగ్గర పడేసరికి మంచి నోరున్న మనిషి ఒకాయన బయల్దేరాడు. ఆయన్ని కొత్తాయన అందాం. ఇంటింటికీ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, మంచినీళ్ళు అడిగి తాగాడు. చేపలావిడ ఇంట్లో అయితే చేపల గంప పక్కనే చతికిలబడ్డాడు. ఐదేళ్ళకోసారైనా తన పక్కన ఒక మనిషి కూర్చున్నందుకు ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆకులావిడ ఇంటికొచ్చి ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. పడవలో మూడు గీతల చెక్క ఎవరిది? మా మామగారిదని ఆవిడ చెప్పింది. అంటే మీదేగా అన్నాడాయన. మీ సొమ్ము ఏళ్ళ తరబడి నీళ్ళలో నానుతుంటే, దాని మీద ఎవడో కాళ్ళు పెట్టుకు కూర్చుంటున్నాడు, పాతాయన ఒక్కరోజైనా తెచ్చి మీకు చూపించాడా అని అడిగాడు. తనని గెలిపిస్తే ఎవరి చెక్క వాళ్ళ గుమ్మంలో పెడతానన్నాడు.

ఆవిడ తల గోక్కుంది. "చెక్కలన్నీ ఇచ్చేస్తే మరి పడవో?"

"పడవ ఎక్కడికి పోతుందమ్మా? ఏట్లోనే ఉంటుంది," అన్నాడాయన నవ్వుతూ.

ఆకులావిడ మొగుడికి ఆ జవాబు తెగ నచ్చింది. మధ్యాహ్నం పూట నడుం వాల్చడానికి బల్ల లేదని ఆయన ఎన్నాళ్ళనుంచో బాధపడుతున్నాడు. ఇంటి తాడు ఎటు కట్టాలనేదాని మీద ఆ వారమంతా పాకలో పొయ్యి కంటే మాటలే ఎక్కువ మండాయి. చివరికి ఎన్నిక రోజున ఆవిడ మొగుడి చేతిలోంచి తాడు లాక్కుని, నలుగురూ చూస్తుండగా పాతాయన గెడకి కట్టింది.

సాయంత్రానికి కొత్తాయన గెడ తాళ్ళ బరువుకి పక్కకి ఒరిగిపోయింది. పాతాయనది ఈకలు పీకిన కోడిమెడలా మిగిలింది. ఆకులావిడ ఊరంతా తెలివితక్కువ దద్దమ్మలని దారిపొడుగునా తిట్టుకుంటూ నడిచింది. ఆ తిట్లు చేపలావిడ చెవిన పడ్డాయి.

"నువ్వు ఎక్కే పడవ గురించి నీకు దిగులు వదినా. నన్నెప్పుడు ఎక్కనిచ్చారు గనక? మునిగినా తేలినా నాకొకటే," అంది చేపలావిడ.

ఆకులావిడ నడక వేగం పెంచింది. ఇంటికి పోయి ఆ కోపం మొగుడి కంచంలో చూపించింది.

కొత్తాయన మాట తప్పే మనిషయితే లంక బాగుపడేదే. ఆయన మాట మీద నిలబడే మనిషి. గెలిచిన మర్నాడే సుత్తి, పలుగు పట్టుకుని పడవలోకి దిగాడు. మొదట కూర్చునే బల్లలు ఊడదీశాడు. ఒక్కో చెక్కనీ పసుపు రాసి, డప్పులతో ఊరేగించి, ఎవరిది వాళ్ళ గుమ్మంలో దించాడు. జనం తమ గుర్తులు చూసుకుని మురిసిపోయారు. కొందరు దండం కూడా పెట్టుకున్నారు. నిలబడి ఏరు దాటడం పెద్ద కష్టమేం కాదని తేల్చుకున్నారు. చేపలావిడని ఇప్పుడు అందరితో పాటే ఎక్కనిస్తున్నారు. ఆవిడ నిలబడైనా సరే, నవ్వుతూ దాటింది.

తర్వాత పక్కల పైవరస చెక్కలు వచ్చాయి. పడవ అంచు నీళ్ళకి దగ్గరైంది. మనుషుల్ని తక్కువ ఎక్కించాలి కాబట్టి తడవలు పెరిగాయి. ఆకులావిడ గంప సంతకి చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. సగం ఆకులు తడిసి, సగం వాడి, కొనేవాళ్ళు మొహం చిట్లించి పక్క దుకాణానికి పోయేవారు. ఇదేమిటని ఆవిడ కొత్తాయన్ని నిలదీసింది. పాతాయన పడవని ఎంత పాడుచేశాడో చెక్కలు ఊడదీస్తుంటే గాని తెలియలేదమ్మా, అని ఆయన నిట్టూర్చాడు. పక్కనున్నవాళ్ళు అవునవునని తలలూపారు.

మూడు గీతల చెక్క వచ్చిన రోజున ఆవిడ డప్పులవాళ్ళకి అడ్డం నిలబడింది. మాకొద్దు, తీసుకుపోయి మళ్ళీ పడవకి కొట్టండి అంది. మొగుడు వెనకనుంచి వచ్చి చెక్క భుజానికెత్తుకున్నాడు. రెండు రాళ్ళ మీద పెట్టి, పడుకుని చూసి, స్వర్గం అన్నాడు. ఆవిడ ఆ రోజంతా దానివైపు చూడలేదు. మర్నాడు చూసింది. నీళ్ళలో నాని నాని నున్నగా తయారైంది, ముట్టుకుంటే చల్లగా ఉంది. ఆకులు పేర్చి కట్టలు కట్టడానికి అంత మంచి బల్ల ఆవిడ జన్మలో చూడలేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళని ఆకుల్ని ఆవిడ ఎంతో శ్రద్ధగా దాని మీద పేర్చేది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి లోకం చెప్పుకుంటుంది. దాటకముందే విప్పి పంచుకున్నవాళ్ళు వీళ్ళే. ఆఖరి చెక్క కూడా ఊరేగింపుగా వెళ్ళిపోయాక, పడవ అడుగున ఉండే వంపు దూలాలు మాత్రం రేవులో మిగిలాయి. లంకలో వాటిని పక్కటెముకలనేవారు.

అప్పుడు అవతలి ఒడ్డు షావుకారు తన పడవ వేసుకుని వచ్చాడు. ఆయన రావడం ఎంత పుణ్యమో అనుకున్నారు. ఆకైనా చేపైనా కాయైనా ఆయన చెప్పిందే ధర. ఉప్పూ పప్పూ తెచ్చి అమ్మినా ఆయన చెప్పిందే ధర. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి. ఆయనకి బుద్ధి పుట్టని రోజున పడవ రాదు, ఆకు కుళ్ళిపోతుంది. కుళ్ళిన ఆకు కోసం కూలి దండగని ఆకులావిడ తోట సగం పీకేసింది. మిగతా సగం పీకడానికి చేతులు రాలేదు. తీగల మధ్య కూర్చుని ఏడ్చింది.

ఏడ్చి లేచి ఇంటింటికీ బయల్దేరింది. మీ చెక్క ఇవ్వండి, మళ్ళీ పడవ కట్టుకుందాం అని అడిగింది. ఒకరింట్లో అది కోళ్ళగూటికి తలుపైంది. ఒకరింట్లో పాపాయి ఉయ్యాలైంది. చేపలావిడ ఇంట్లో చేపలు తోమే పీటయింది. కాదన్నవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఇస్తే మేమూ ఇస్తామన్నారు, ముందు నువ్వు ఇచ్చి చూపించమన్నారు. చేపలావిడ మాత్రం పీట వైపు చూసి, జన్మకి నా వాటా అని నా చేతికొచ్చింది ఇదొక్కటే వదినా, అంది.

మళ్ళీ ఎన్నిక రోజు వచ్చింది. ఆకులావిడ మొగుణ్ణి బల్ల మీంచి లేపి, చెక్కని నెత్తికెత్తుకుని, తాడు బొడ్లో దోపుకుని రేవుకి నడిచింది. పాతాయన మళ్ళీ పోటీకి దిగాడని విన్నది. తన చెక్క ముందు ఆయన చేతిలో పెట్టి, అందరిచేతా పెట్టించాలని ఆవిడ ఆశ.

రేవంతా బురదగా ఉంది. పాతాయన ఆవిణ్ణి చూసి మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చాడు. చెక్క అందుకుని బురదలో వేసి, దాని మీదకెక్కి నిలబడ్డాడు. ఇప్పుడు ఆయన గొంతు తేనెలా ఉంది.

"ఉత్త చెక్కలిచ్చి మిమ్మల్ని మోసం చేశారు. మరి మేకులు ఎవరివి? మీ కొబ్బరికాయలతో కొన్నవి కావా? పక్కటెముకలు ఎవరివి? నేనొస్తే మేకుతో సహా పంచుతాను."

జనం చప్పట్లు కొట్టారు. ఆయన దిగగానే ఆకులావిడ దగ్గరికెళ్ళి, మీరు కూడానా అని అడిగింది.

పాతాయన గొంతు తగ్గించాడు. "అన్నేళ్ళు తారు పూశానమ్మా. నీలాంటి నలుగురు తప్ప తాడు కట్టినవాళ్ళేరీ?"

ఆవిడ పాతాయన గెడ వంకా, కొత్తాయన గెడ వంకా చూసింది. తర్వాత బురదలోంచి చెక్క పెరికి, నీళ్ళలో కడిగి, మూడు గీతలు పైకి వచ్చేలా పడవ పక్కటెముకకి ఆనించింది. పాత మేకు కన్నాల్లోంచి తాడు దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ముడి బిగించింది. ఎవరూ ఆపలేదు. సాయంత్రం తాళ్ళు చూసిన పెద్దలు, తాడు గెడకి కట్టాలి గాని పడవకి కట్టడమేమిటి, ఇది చెల్లదు అని తేల్చారు. పాతాయన గెలిచాడు.

ఆయన కూడా మాట మీద నిలబడ్డాడు. మర్నాడే డప్పులు మోగాయి. మొదటి ఊరేగింపు తిన్నగా ఆకులావిడ పాక ముందు ఆగింది. పోయిన చెక్కని వెతికి తెచ్చామని, శుభమా అని మీ ఇంటినుంచే మొదలెట్టమన్నారని వాళ్ళు చెప్పారు. గుప్పెడు మేకులు ఆవిడ కొంగులో పోశారు. చెక్కకి వేసిన ముడి ఎంత లాగినా రాలేదట. విప్పడం చేతకాక, పక్కటెముకని కూడా కోసి, తాడుతో సహా మోసుకొచ్చారు. మొగుడు దానికి జేరబడి చూసి, ఇప్పుడు వీపుకి కూడా ఆసరా వచ్చిందన్నాడు.

పొద్దు వాలుతుండగా చేపలావిడ వచ్చింది. చెక్కనీ, దానికి అతుక్కుని ఉన్న వంపు దూలాన్నీ చాలాసేపు తేరిపారజూసింది.

"నీకు పక్కటెముక కూడా ఇచ్చారంటగా వదినా. ఎలా అడిగావేంటి?"

ఆకులావిడ ఏటివైపు చూస్తూ కూర్చుంది. "అడగలేదు. ముడి గట్టిగా వేశాను," అంది.

చేపలావిడ ఇంట్లో కొబ్బరితాడు ఏమైనా ఉందేమో చూసుకోవడానికి వెళ్ళింది.